ఇంకా ఆయన పేరు మీదే

“నేనెక్కడికీ రాను. అది నా కారు కాదు,” అన్నాడు వాచీలాయన, పొద్దున్నుంచి ఇది మూడోసారి.

“కాదని మీకు తెలుసు, నాకు తెలుసు. స్టేషన్ వాళ్ళకి తెలియద్దూ?” అంది టైలరమ్మ.

పోలీస్ స్టేషన్ నుంచి నిన్న వచ్చిన కాగితం కుట్టుమిషను మీద పడి ఉంది. బుధవారం సాయంత్రం వంతెన మలుపులో ఒక సైకిలు మనిషికి ప్రమాదం జరిగింది. దానికి సంబంధించిన కారు యజమాని ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపు స్టేషనుకి వచ్చి, ఆ సమయంలో కారు ఎవరు నడుపుతున్నారో చెప్పాలి. అంతే ఉంది అందులో.

నంబరు వాళ్ళ పాత కారుదే. కింద యజమాని అని రాసిన పేరు వాచీలాయనదే. ఆ కారు అమ్మేసి నలభై రోజులయింది.

ముందుగది రెండు భాగాలు. కిటికీ వైపు ఆయన బల్ల, దాని మీద విప్పి పెట్టిన వాచీలు. గోడ వైపు ఆమె మిషను, కొలతలు రాసి పిన్ను గుచ్చిన గుడ్డలు. ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ ఒకరికొకరు వీపు పెట్టి పనిచేసుకుంటూ, ఆ వీపుల మీదుగానే కబుర్లు చెప్పుకునేవారు. ఇవాళ ఆయన ఒకే వాచీ ముందు గంటన్నర నుంచి కూర్చున్నాడు. వెనక మూత తీసిందీ లేదు, పెట్టిందీ లేదు.

“కొన్న అమ్మాయికి మళ్ళీ చేశారా?”

“స్విచాఫ్.”

“ఇల్లెక్కడో చెప్పిందా?”

“అడగలేదు.”

“పోనీ పేరు పూర్తిగా రాయించుకున్నారా?”

“పిల్లలకి ఈత నేర్పుతానంది. కొలను నుంచి తిన్నగా వచ్చింది, తల ఇంకా తడి ఆరలేదు. అబద్ధాలాడే మనిషి కాదే.”

“తల తడిగా ఉందని తాళం చేతిలో పెట్టేశారన్నమాట!”

మరో రోజయితే ఆ మాటకి ఆయనే ముందు నవ్వేవాడు. ఇప్పుడు తల కూడా తిప్పలేదు.

కారు అమ్మడం ఆయనకి ఇష్టం లేదని ఆమెకి తెలుసు. ఆయన చూపు రెండు పక్కల నుంచీ మూసుకొస్తోందని కళ్ళ డాక్టరు చెప్పాడు. గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుందట. భూతద్దం కింద వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకోగలడు, పక్కనుంచి వచ్చే మనిషిని మాత్రం చూడలేడు. ఆ సంగతి మూడు నెలలు ఇంట్లో చెప్పకుండా దాచాడు. ఒకరోజు పక్కింటి గోడకి కారు రాసుకుపోతే గాని బయటపడలేదు. ఆ మర్నాడే ఆమె తాళం తీసి గుండీల డబ్బాలో దాచేసింది. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. ఎనిమిదో రోజు, “సరే, అమ్మేస్తాను,” అన్నాడాయన.

“నాకేం భయమో తెలుసా?” అన్నాడు ఉన్నట్టుండి. “కారు నా పేరు మీద ఉంది. నా కళ్ళు పోయాయని డాక్టరు చీటీ ఉంది. ఆ సాయంత్రం నువ్వు కొలతలకి బయటికెళ్ళావు. ఇంట్లో నేనొక్కణ్ణే. కళ్ళు కనపడని ముసలాడు మోజు తీరక కారెక్కి మనిషిని గుద్దేశాడంటే, కాదనడానికి నా దగ్గర ఏముంది?”

రాత్రంతా ఈయన పక్క మీద అటూ ఇటూ పొర్లింది ఇందుకా అనుకుంది టైలరమ్మ. లేచి, చెప్పులు వేసుకుంది.

“ఎక్కడికి?”

“వదిన దగ్గరికి.”

“అక్క దగ్గరికా? వద్దు. ‘నేను చెప్పాను కదా’ అని నలుగురి ముందూ నవ్వుతుంది.”

“నవ్వనివ్వండి. ఏడవడం కంటే మేలే కదా,” అని బయటపడింది. కొలతల టేపు మెడలోనే ఉండిపోయింది.

*

వాచీలాయన అక్కని ఇంటిల్లిపాదీ, వీధివీధంతా కార్బన్ వదిన అంటారు. కోర్టులో ముప్పై రెండేళ్ళు టైపిస్టుగా చేసింది. రిటైరయి ఏడేళ్ళయినా, పాలవాడికి చీటీ రాసినా కింద ఒక కార్బన్ కాగితం పెట్టి నకలు దాచుకుంటుంది. కార్బన్ అని ముందుగా పేరు పెట్టింది తమ్ముడే.

కారు అమ్మిన రోజు ఆవిడ మూడు తెల్లకాగితాలూ, మధ్యలో కార్బనూ పెట్టుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. “తాళం ఎన్ని గంటలకిచ్చావో నిమిషాలతో సహా రాయరా. అమ్మాయీ, నీ లైసెన్సు ఇటివ్వు. మీటరు ఎంత తిరిగిందో ఎవరైనా చూసి రండి,” అంటూ మొదలుపెట్టింది. కొనడానికొచ్చిన పిల్ల బిక్కమొహం వేసింది. వాచీలాయనకి తల తీసేసినట్టయింది. “నా ఇంటిని కోర్టు చెయ్యకక్కా! వచ్చిన మనిషిని దొంగని చేస్తావా?” అని అరిచాడు. ఆవిడ చూపించిన చోటల్లా కోపంగా సంతకాలు గీకి, కలం విసిరేసి, “అయిందా? ఇక వెళ్ళు,” అన్నాడు.

ఆవిడ వెళ్ళింది. ఇల్లు రెండు వీధుల అవతలే అయినా మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

టైలరమ్మ వెళ్ళేసరికి కార్బన్ వదిన బాల్కనీలో కుండీలకి నీళ్ళు పోస్తోంది. రా అనలేదు, పో అనలేదు. ఒక్కో కుండీకీ తీరిగ్గా పోసి, ఎండుటాకులు ఏరి, చెంబు బోర్లించి, చేతులు తుడుచుకునేదాకా టైలరమ్మ గుమ్మంలోనే నిలబడింది.

“వదినా, పోలీస్ స్టేషన్ నుంచి కాగితమొచ్చింది.”

“కారు గురించేనా?”

“మీకెలా తెలుసు?”

“ఆ ఇంటికి పోలీసులు రావాలంటే వాచీలు రిపేరుకా వస్తారు?”

టైలరమ్మ కాగితం చేతికిచ్చింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా చదివింది. మడత పెట్టి తిరిగిచ్చింది.

“వాడు నన్ను పొమ్మన్నాడని నాకు కోపం లేదమ్మాయ్. వాడు పుట్టినప్పటి నుంచీ అంతే. ఆ రోజు నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు చూడు, నువ్వొక్క మాట అంటావేమో అని మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కున్నట్టు కాసేపు ఆగాను. చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి.”

టైలరమ్మ కళ్ళు దించుకుంది. ఆ రోజు తను చూసింది. ఆవిడ ఆగడమూ చూసింది. అప్పుడే గదా ఆయన కారు అమ్మడానికి ఒప్పుకున్నాడు, మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనని నోరు మెదపలేదు. అది ఇప్పుడు చెప్పుకుంటే సాకులా ఉంటుంది.

“తప్పయిపోయింది వదినా,” అంది.

కార్బన్ వదిన లోపలికెళ్ళింది. బీరువా తెరిచిన చప్పుడయింది. నీలం అట్టల ఫైలుతో బయటికి వచ్చింది.

“కూర్చో. ఇది అమ్మకం కాగితం. తేదీ, పదకొండూ నలభై నిమిషాలు, మీటరు అంకె, ఇద్దరి సంతకాలు. ఇది ఆ అమ్మాయి లైసెన్సు నకలు, అడ్రసుతో.”

“ఆ అమ్మాయి ఎప్పుడు సంతకం పెట్టింది?”

“వాడు నన్ను గెంటేశాక గేటు దగ్గరే నిలబడ్డాను. కారు బయటికి తీసింది. ఆపి, బానెట్టు మీద కాగితం పెట్టి రాయించాను. ‘అమ్మాయీ, ఇది నిన్ను అనుమానించి కాదు, రేపు ఎవరైనా నిన్ను అనుమానిస్తే చూపించుకోడానికి,’ అన్నాను. బంగారం లాంటి పిల్ల. బుద్ధిగా రాసింది. అద్దం మీద మీ వీధి పార్కింగు చీటీ అంటించే ఉంటే అదీ నేనే బ్లేడు పెట్టి గీకేశాను.”

టైలరమ్మ ఆ కాగితాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

“ఇదేమో, కారు చేతులు మారిందని రవాణా ఆఫీసుకి ఇచ్చిన ఫారం. వాడి సంతకం ఉంది చూడు, కోపంలో పెట్టినా సంతకం సంతకమే. మర్నాడు లైన్లో నిలబడ్డాను. నా ముందు మనిషి దాకా వచ్చేసరికి భోజనానికని కిటికీ మూసేశారు. ఆ మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఇదిగో, అందిందని వాళ్ళ ముద్ర. పుస్తకాల్లో పేరు మారడానికి రెండు నెలలు పడుతుందన్నారు. అందుకే కాగితం ఇంకా వాడి పేరుతో వచ్చింది. ఇది ఇన్సూరెన్స్ వాళ్ళకి రాసిన ఉత్తరం, ఇది వాళ్ళ జవాబు.” ఫైలు మూసింది. “తాళం ఇస్తే అమ్మడం అయిపోయిందనుకుంటారు. పేరు కూడా మన దగ్గర్నుంచి కదిలితేనే అయినట్టు.”

“ఇంత చేసి మాకొక్క మాట చెప్పలేదేం వదినా?”

“అడిగారా? నలభై రోజులు. రెండు వీధులు.”

అంతే. టైలరమ్మకి ఏడుపు ఆగలేదు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని మొహానికి ఆనించుకుంది. రెండు రోజులు ఎండలో లైన్లో నిలబడిన మనిషి ఈవిడ. పొమ్మన్న తమ్ముడి కోసం. ఈవిడనా తామంతా కార్బన్ అని నవ్వుకున్నది!

“సర్లే, సర్లే. టేపు మెడలో వేసుకుని వీధినపడ్డావు, నన్ను కొలిచి జాకెట్టు కుడతావా ఏం?” అంది కార్బన్ వదిన. “చీర మార్చుకుని వస్తాను. పన్నెండు లోపన్నారు కదూ.”

*

స్టేషనుకి ముగ్గురూ కలిసి వెళ్ళారు. దారిలో అక్కాతమ్ముళ్ళు ఒక్క మాట ఆడుకోలేదు. రోడ్డు దాటేచోట ఎడమ పక్కనుంచి స్కూటరొకటి వస్తోంది. వాచీలాయన చూడలేదు. కార్బన్ వదిన ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపి, స్కూటరు పోయాక వదిలేసింది. ఆయన ఆ చెయ్యి వైపు చూసి, తల దించుకున్నాడు.

ఆఫీసరు కుర్రవాడేం కాదు, తొందర మనిషీ కాదు. నీలం ఫైలు తీసుకుని ఒక్కో కాగితం తిరగేశాడు. చదువుతున్నకొద్దీ ఆయన కనుబొమలు పైకి పోయాయి.

“ఇవి ఎవరు తయారుచేశారు?”

“నేనే. ఏం, తప్పులున్నాయా?” అంది కార్బన్ వదిన.

“తప్పులా! మా స్టేషన్లో ఎవరూ ఇంత బాగా రాయరమ్మా.” ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు. “అంటే బుధవారం కారు నడిపింది ఈ అమ్మాయి. చాలు, మాక్కావలసింది ఇదే.”

వాచీలాయన గొంతు సవరించుకున్నాడు. “అయ్యా, ఆ సైకిలాయనకి ఎలా ఉంది? ఆ అమ్మాయి కావాలని గుద్ది ఉండదు…”

“గుద్దడమేంటి? గుద్దిందని ఎవరన్నారు?”

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

“స్పృహ వచ్చాక ఆయనే చెప్పాడు, గుద్దింది ఒక వ్యాను. ఆగకుండా పోయింది. వెనక వస్తున్న ఈ కారు ఆగింది. ఆ అమ్మాయి ఒక్కతే ఆ మనిషిని వెనక సీట్లోకి ఎక్కించి, ఆస్పత్రిలో దింపి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే బతికేవాడు కాదని డాక్టర్లన్నారు. ఆస్పత్రి గేటు కెమెరాలో నంబరు దొరికింది. ఆ వ్యాన్ని చూసినది ఆ అమ్మాయొక్కతే. అందుకని వెతుకుతున్నాం. మా కాగితంలో ఈ ముక్క రాసి ఉండాల్సింది, నిజమే.”

గుమ్మం పక్క బెంచీ మీద ఒక ఇస్త్రీ పని చేసే మనిషి కూర్చుని ఉంది. చేతి వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు. సైకిలాయన భార్య. రోజూ వచ్చి, తన పెనిమిటిని ఆస్పత్రిలో చేర్చిన వాళ్ళ ఆచూకీ దొరికిందా అని అడిగి పోతుందట. కారు అనే మాట చెవినపడగానే లేచి వచ్చి వాచీలాయన రెండు చేతులూ పట్టేసుకుంది.

“మీరేనా బాబూ? మీ కారేనా? మీ కడుపు చల్లగుండ!”

“నేను కాదమ్మా,” అన్నాడు వాచీలాయన కంగారుగా. “ఆ కారు నాది కూడా కాదు. అమ్మేశాను.”

“మంచి మనిషికి అమ్మారు బాబూ. ఇంకెవరికన్నా అమ్మి ఉంటే ఆయన ఇవాళ ఉండేవాడు కాదు.”

చేతులు వదలలేదామె. వాచీలాయన కళ్ళు తుడుచుకుందామన్నా చేతులు ఖాళీ లేవు. టైలరమ్మ పక్కకి తిరిగి ముక్కు చీదుకుంది. గోడకి రాసుకున్న రోజు నుంచీ ఆ కారు పేరెత్తితే ఈయన మొహం చిన్నబోయేది. ఇవాళ ఆ మొహంలో పాత వెలుగు ఏదో కనిపించి, ఆ ఈత పిల్లకి ఆమె మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

“అడ్రసు ఉందిగా. మావాళ్ళని పంపిస్తాను,” అన్నాడు ఆఫీసరు.

“వద్దండీ,” అంది టైలరమ్మ, తనకే తెలియని ధైర్యంతో. “చిన్న పిల్ల. ఫోన్ కట్టేసుకుని కూర్చుందంటే బెదిరిపోయి ఉంటుంది. మేము వెళ్ళి చెబుతాం. ఆ పిల్లకి మేమూ బాకీపడ్డాం, ఈ సైకిలాయన భార్యా బాకీపడింది. మేమే తీసుకొస్తాం.”

ఆఫీసరు కార్బన్ వదిన వైపు చూశాడు. “మీరు పూచీ ఉంటారా?”

“రాసివ్వమంటారా?” అంది ఆవిడ.

“మీ మాట చాలు. నాలుగు గంటలకల్లా రావాలి. లేకపోతే మావాళ్ళు వెళ్ళక తప్పదు.”

మెట్లు దిగుతుంటే వాచీలాయన ఆగాడు. “అక్కా,” అన్నాడు. ఆవిడ ఆగింది గాని వెనక్కి తిరగలేదు.

“నేనా రోజు…”

“తెలుసు.”

“లేదు, చెప్పనీ. నువ్వు లేకపోతే ఈ రోజు నేనేమైపోయేవాణ్ణో.”

“ఏమీ అయ్యేవాడివి కాదు. మీ ఆవిడ ఎలాగో నెట్టుకొచ్చేది,” అంది కార్బన్ వదిన. అని, చెయ్యి వెనక్కి చాచింది. “రా. మెట్టు పక్కనుంది, చూసుకో.”

*

లైసెన్సు మీదున్న అడ్రసు ఒక తాళాల కొట్టు పైన గది. వెతికి పట్టుకునేసరికి మూడయింది. సందులో కారు కనిపించింది. నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. వెనక సీటు మీది గుడ్డ ఊడదీసి, తోమి, బానెట్టు మీద ఆరేశారు. ఎంత తోమినా ఒక మూల గోధుమరంగు మరక అలాగే ఉంది. వాచీలాయన వెళ్తూ వెళ్తూ కారు తలుపు మీద ఒకసారి చెయ్యి వేశాడు. పలకరించినట్టు.

తలుపు జానెడు తెరుచుకుంది. గొలుసు వెనక ఈత పిల్ల మొహం, నిద్ర లేక వాచిన కళ్ళు.

“అంకుల్? మీరెందుకొచ్చారు? పోలీసులు మీ దగ్గరికొచ్చారా?”

“వచ్చారమ్మా. నిన్ను పట్టుకోడానికి కాదు,” అంది టైలరమ్మ ముందుకొచ్చి. “ఆయన బతికాడు. నీ వల్లే బతికాడు. వాళ్ళావిడ నీ కోసం రోజూ స్టేషను చుట్టూ తిరుగుతోంది.”

గొలుసు పడిపోయింది. ఆ పిల్ల అక్కడే గుమ్మంలో కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. “పోయాడనుకున్నానాంటీ. దారి పొడుగునా పలికాడు. ఆస్పత్రి దగ్గరికొచ్చేసరికి పలకలేదు. పోయాడనే అనుకున్నాను.”

టైలరమ్మ పక్కన కూర్చుని ఆ తల ఒళ్ళోకి తీసుకుంది. ఇప్పుడూ తడిగానే ఉంది. కార్బన్ వదిన లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. వాచీలాయన ఏం చెయ్యాలో తెలియక, గోడ మీద ఆగిపోయిన గడియారాన్ని దించి వెనక మూత తీసి చూడడం మొదలుపెట్టాడు.

ఏడుపు సద్దుమణిగింది. నలుగురూ గదిలో చాప మీద కూర్చున్నారు.

“మంచి పని చేసి దాక్కుంటారటే?” అంది కార్బన్ వదిన మెత్తగా. “వచ్చి ఆ వ్యాను సంగతొక్కటి చెబితే చాలు. నంబరు చూశావా?”

ఆ పిల్ల గ్లాసులోకి చూస్తూ ఉండిపోయింది.

“రంగైనా గుర్తుందా?” అన్నాడు వాచీలాయన.

గ్లాసు పట్టుకున్న వేళ్ళు తెల్లగా బిగుసుకున్నాయి.

“అమ్మాయీ,” అంది టైలరమ్మ. “ఫోన్ కట్టేసుకుంది పోలీసుల భయానికి కాదు కదూ?”

“కాదాంటీ.” తలెత్తింది. చూపు టైలరమ్మ మీంచి కార్బన్ వదిన మీదికి వెళ్ళి, అక్కడ ఆగింది. “నంబరు చూడక్కర్లేదండీ. ఆ వ్యాను నాకు తెలుసు. అందులో నేనే ఈత సామాను మోసుకెళ్ళేదాన్ని, మీ కారు కొనేదాకా. అది మా అన్నయ్యది.”

వాచీలాయన చేతిలోని మూత జారి చాప మీద పడింది.

“వాడు తాగలేదు, తిరుగుబోతు కాదు. నన్ను చదివించింది వాడే. భయపడి పారిపోయాడు. ఆ రాత్రి నుంచి నాకు ఒకటే ఫోన్లు, చెప్పకు చెప్పకు అని.” “మీకు తమ్ముడున్నాడు కదండీ. మీరైతే ఏం చేస్తారు?”

జీవితంలో ఎవరేమడిగినా తడుముకోని కార్బన్ వదిన నోరు తెరిచి, మూసేసింది. పక్కనే తమ్ముడు. ఆయన ఆవిడ వైపు చూడడం లేదు. ఆవిడ జవాబు కోసమే చూస్తున్నాడని మాత్రం టైలరమ్మకి తెలుస్తూనే ఉంది.

మూడున్నర దాటింది.

కింద సందులో ఏదో బండి వచ్చి ఆగింది. మెట్ల మీద ఎవరో పరుగులాంటి నడకతో ఎక్కుతున్నారు.

“చెల్లీ! తలుపు తియ్. నేనే.”

ఈత పిల్ల కదల్లేదు. వాచీలాయన కదల్లేదు. తలుపుకి దగ్గరగా కూర్చున్నది టైలరమ్మే. కృతజ్ఞత చెప్పుకుని పోదామని వచ్చిన ఇల్లు ఇది. ఆమె లేచి నిలబడి, గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి, తియ్యనా అన్నట్టు ఆ పిల్ల మొహంలోకి చూసింది.